కెనడాలో కాల్గరీ నుంచి విన్నిపెగ్: ఇద్దరం, పాత కారు, 1,500 డాలర్లు. దారిలో ఆగేంత ఏమైనా ఉందా?

పాతకరోలా (కాల్గరీ) | 18 జూన్ 2025

అందరికీ నమస్కారం. జూలై మూడో వారంలో ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. రాకీ కొండల్లోని బాన్ఫ్ వైపు గదుల ధరలు చూసి కళ్లు తిరిగాయి. మా తోడల్లుడు వాళ్లు విన్నిపెగ్‌లో ఉన్నారు, ఎప్పటినుంచో రమ్మంటున్నారు. సరే, ఈసారి కొండల జోలికి పోకుండా తూర్పుకే వెళ్దామనుకున్నాం.

కారు సొంతదే, 2012 కరోలా. ఏసీ పనిచేస్తుంది, క్రూజ్ కంట్రోల్ పనిచేయదు. పెట్రోలు, పడక, తిండి అన్నీ కలిపి 1,500 డాలర్లు దాటకూడదు. ఆఫీసులో ఎవర్నడిగినా ఒకటే మాట: "ప్రెయిరీలా, ఆ గడ్డి మైదానాలా? ఏముందక్కడ? రాత్రి బయల్దేరి తెల్లారేసరికి దాటెయ్." 1,300 కిలోమీటర్ల పైచిలుకు దారిలో నిజంగా ఏమీ లేదా? ఉంటే ఎక్కడ ఆగాలి? టెంటులో పడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఆవిడ సంగతి ఆవిడే చెప్తుంది.

చింతచిగురు (కాల్గరీ) | 18 జూన్

ఆవిడ చెప్తోంది. టెంటు సరే, కానీ వరసగా రెండు రాత్రుళ్లు మించితే ఒప్పుకోను. మధ్యలో వేణ్నీళ్ల స్నానం, సరైన పరుపు ఉండాలి. ఇంకో సంగతి, నేను మాంసం ముట్టను. ఈయన పెట్రోలు బంకులో హాట్‌డాగ్ తిని రోజు గడిపేస్తాడు, నా వల్ల కాదు. వంట, తిండి సంగతి తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

రాత్రిబండి (బ్రాంప్టన్) | 18 జూన్

మీ ఆఫీసువాళ్లు చెప్పింది కరెక్టే బ్రో. నేను ఆ రోడ్డు మీద ఇల్లు మారేటప్పుడు వెళ్లాను. మెడిసిన్ హ్యాట్ ఊరు దాటాక స్టీరింగ్ తిప్పే పనే లేదు. ఇద్దరూ నడపగలిగితే కాల్గరీ నుంచి విన్నిపెగ్ 14 గంటలు. రాత్రి నడిపితే ట్రాఫిక్ లేదు, మోటెల్ ఖర్చు లేదు. ఆ మిగిలినదాంతో వెనక్కొచ్చాక బాన్ఫ్‌లో ఒక రాత్రి ఉండొచ్చు. పొదుపంటే అదీ.

ముంగిలి (రెజైనా) | 19 జూన్

పాతకరోలా తమ్మీ, ఏమీ లేదన్నోళ్లను నేను తప్పు పట్ట. వాళ్లు చూసింది హైవే 1 ఒక్కటే. అది పాత సీపీఆర్ (కెనడియన్ పసిఫిక్) రైలు పట్టాల పొంటే పోతది. పట్టా వేసినోళ్లు నేల చదునుగ ఉన్న జాగ చూస్కొని వేసిన్రు. ఉన్నదాంట్ల చదునైన గీత మీద కూసోని పోయి, మొత్తం చదునే అంటే ఎట్ల?

ఈడ చూసేది నేల మీద తక్కువ, నేల కింద ఎక్కువ. మంచుయుగం అయిపోయేటప్పుడు కరిగిన నీళ్లు తవ్వుకుంట పోయిన లోయలున్నయి: ఫ్రెంచ్‌మన్ లోయ, క్వాపెల్ లోయ, డ్రమ్‌హెల్లర్ కాడ రెడ్ డీర్ నది లోయ. అంచు కాడికి పోయేదాక ఒక్కటి కూడ కండ్లకు కనవడది. పొలాల నడుమ పోతనే ఉంటవ్, ఒక్కసారి రోడ్డు కిందికి దిగుతది, ఇంకో దేశం వచ్చినట్టయితది. హైవే మీద 110ల పోతే అది తెల్వదు.

నేనైతే ఇట్ల పోత. మెడిసిన్ హ్యాట్ దాటి సస్కాచెవాన్ల మేపుల్ క్రీక్ కాడ హైవే దిగి దక్షిణానికి, సైప్రస్ హిల్స్‌కు. రాకీలకు లాబ్రడార్‌కు నడుమ ఇంతకంటె ఎత్తు జాగ లేదు. మంచుయుగంల సుత దీని నెత్తి మునగలే. పైన్ చెట్లు, చల్లటి గాలి, మొదటి రాత్రి టెంటు ఆడ వెయ్యున్రి. ఒక్కటి యాదుంచుకోండి: ఆ పార్కుల సెంటర్ బ్లాక్ నుంచి వెస్ట్ బ్లాక్‌కు అడ్డంగ పోయే గ్యాప్ రోడ్ ఉన్నది. వాన పడ్డదంటే అటు పోవద్దు. ఈ మట్టిని గంబో అంటరు, టైర్లకు అంటుకుంటె కరోలా ఆన్నే ఉంటది.

తెల్లారి ఈస్టెండ్. చిన్న ఊరు. 1991ల ఆ ఊరి బడి పెద్దసారు రాక్షసబల్లి ఎముక చూసిండు. తవ్వంగ తవ్వంగ టీ రెక్స్ బయటవడ్డది. స్కాటీ అని పేరు వెట్టిన్రు. 2019ల కొలిచి చెప్పిన్రు, అప్పటిదాక దొరికిన టీ రెక్సులల్ల ఇదే బరువైనదని, ఎనిమిది టన్నుల పైన. ఊర్లె మ్యూజియం ఉన్నది.

ఆడికెల్లి హైవే 13 మీద షానవన్, ఆ తర్వాత వాల్ మేరీ. షానవన్‌ల పెట్రోలు నింపకుంట ముందుకు పోకున్రి. వాల్ మేరీ కాడ గ్రాస్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్. దీని గురించి వేరే రాస్త, ఇప్పుడు డ్యూటీకి పోవాలె.

పద్దెనిమిది చక్రాలు (విన్నిపెగ్) | 19 జూన్

రాత్రిబండి సామీ, నేను అదే రోడ్డు మీద లారీ తోలి బతికేవాణ్ణి. మోటెల్ డబ్బు మిగిలిందన్నావు, బాగుంది. జింక తగిలుంటే ఎంత పొయ్యేదో లెక్క కట్టినావా? ఇన్సూరెన్సు డిడక్టబుల్, అంటే మన జేబులోంచి కట్టే వాటా, ఒక్కటే చానామందికి 500 దాకా ఉంటాది. జింక నయం. మూస్ అనే పెద్ద దుప్పి అయితే కాళ్లు పొడుగు, ఒళ్లు మన హెడ్‌లైట్ కంటే పైన ఉంటాది, కండ్లు కూడా చానాసార్లు మెరవవు. చిన్న కారు దాని కాళ్లు విరగ్గొడితే ఒళ్లంతా అద్దం మీదికొస్తాది. పొద్దుగూకే పొద్దు, తెల్లారే పొద్దు రెండూ చెడ్డవే. జూలైలో తొమ్మిది దాటినా వెలుతురుంటాది కదా, ఇంక చీకట్లో తోలాల్సిన అవసరమేముంది?

ఇంకో రెండు మాటలు చెప్తా. ఒకటి గాలి. పక్కనుంచి కొడతాది, రోజంతా ఆగదు. ఒకదాని వెనక ఒకటి రెండు ట్రైలర్లు తగిలించుకున్న లారీలుంటాయి, నలభై మీటర్ల దాకా పొడుగు. దాన్ని దాటేటప్పుడు గాలి ఆగినట్టుంటాది, ముందుకు పోతానే ఒక్కసారి తోస్తాది. స్టీరింగ్ రెండు చేతుల్తో పట్టుకో. పాపా, నువ్వు తోలేటప్పుడు కూడా ఇది గుర్తుపెట్టుకో.

రెండోది ఎదురుగాలి. విన్నిపెగ్ పొయ్యేటప్పుడు పడమటిగాలి వెనకనుంచి తోస్తే పెట్రోలు బాగా కలిసొస్తాది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి మొహానికి కొడితే లెక్క మారిపోతాది. రెండు దిక్కులకూ ఒకే లెక్క కట్టుకోవద్దు.

రాత్రిబండి (బ్రాంప్టన్) | 19 జూన్

అన్నా, మూస్ సంగతి ఒప్పుకుంటా. అయినా చూసేదేమీ లేదన్న మాట మీదే ఉన్నా. రాక్షసబల్లి ఎముకలు టొరంటోలోనూ ఉన్నాయి.

ముంగిలి (రెజైనా) | 19 జూన్

టొరంటోల ఎముకలుంటయి తమ్మీ, అవి పండుకున్న నేల ఉండదు.

సరే, గ్రాస్‌ల్యాండ్స్. ప్రెయిరీల గడ్డినేల ఎక్కువ శాతం దున్నేసిన్రు. దున్నని నేల ఎట్లుంటదో చూడాలంటే ఈడికే రావాలె. వెస్ట్ బ్లాక్‌ల కారు రోడ్డు ఉన్నది, దాని పక్కనే ప్రెయిరీ డాగ్‌ల కాలనీలు. పేరుకే డాగ్‌లు, ఉడతల జాతి. నిలవడి అరుస్తయి. నల్లతోక రకం కెనడా మొత్తంల ఈ జాగల తప్ప అడివిల యాడ కనవడది. 2005ల బైసన్లను, అంటే అడివి దున్నల లెక్కటి జీవాలను, మల్ల తెచ్చి విడిచిన్రు. వాటికి వంద మీటర్ల దూరముండాలె, ఫొటో కోసం దగ్గరికి పోవద్దు. ర్యాటిల్‌స్నేక్‌లు, అంటే విషపు పాములు, ఉంటయి. చెప్పులతోటి గడ్డిల నడవకున్రి, రాయి మీద కూసునేముందు చెయ్యి పెట్టే జాగ చూస్కోండి. చెట్టు నీడ అన్న మాటే లేదు. నీళ్లు కారు నిండ పెట్టుకోండి. లోపల చానా చోట్ల ఫోను సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే దింపుకోండి.

మంచి కబురు: కెనడా స్ట్రాంగ్ పాస్ అని ఈ 2025 ఎండకాలం కేంద్రపోళ్లు పెట్టిన్రు. జూన్ 20 నుంచి సెప్టెంబర్ 2 దాక నేషనల్ పార్కుల ప్రవేశం ఉచితం, క్యాంపింగ్‌ల 25 శాతం తక్కువ. కార్డు గీర్డు ఏమీ అవసరం లేదు, పోతే చాలు. గ్రాస్‌ల్యాండ్స్, మానిటోబాల రైడింగ్ మౌంటెన్, సైప్రస్ హిల్స్ కాడి ఫోర్ట్ వాల్ష్ అన్నీ దీంట్లకే వస్తయి. సైప్రస్ హిల్స్ క్యాంపు మాత్రం రాష్ట్రం పార్కు, దానికి పైసలు కట్టాలె. బుకింగ్ ఈ రాత్రికే చెయ్యున్రి, జూలైల శనివారాలు దొరకవు.

సఖినేటిపల్లి రేవు (సస్కాటూన్) | 20 జూన్

ముంగిలి గారు దక్షిణం పంచుకున్నారు, నేను ఉత్తరం చెప్తానండి. వెళ్లేటప్పుడు కింద నుంచి వెళ్లి, వచ్చేటప్పుడు ఎల్లోహెడ్, అంటే హైవే 16 మీద రండి. విన్నిపెగ్ నుంచి రైడింగ్ మౌంటెన్, యార్క్‌టన్, మా సస్కాటూన్. అక్కణ్నుంచి రోజ్‌టౌన్, కిండర్స్‌లీ మీదుగా డ్రమ్‌హెల్లర్, ఆపైన ఇల్లు. వచ్చిన దారినే తిరిగి వెళ్లక్కర్లేదు.

సస్కాటూన్ రాకముందు వాట్రస్ దగ్గర లిటిల్ మానిటూ చెరువుంది. ఉప్పు, ఖనిజాలు ఎంత ఎక్కువంటే ఈత రానివాళ్లు కూడా తేలతారు. పక్కన స్పా ఉందండి, దానికి టికెట్టు. చెరువులో దిగడానికి ఎవరూ డబ్బులడగరు. కాలిమీద గీసుకున్న గాయముంటే మాత్రం దిగొద్దు, అరుస్తారు.

సస్కాటూన్ పక్కన వానుస్కెవిన్ తప్పకుండా చూడండి. ఆరువేల ఏళ్లకు పైగా ఇక్కడి ఆదివాసీ జనం వచ్చిపోయిన లోయ అది. 2019 డిసెంబర్‌లో బైసన్లను తిరిగి తెచ్చారు. మరుసటి ఏడాది అవి దుమ్ములో పొర్లాడుతుంటే, పైకి తేలిన రాళ్ల మీద పాతకాలం చెక్కడాలు బయటపడ్డాయి. పండితులు కాదండి, గొడ్లు బయటపెట్టాయి.

రేవు మనిషిని కదా, పడవ మాట చెప్పకపోతే ఎలా. సస్కాచెవాన్ ప్రభుత్వం నడిపే ఫెర్రీలు పూర్తిగా ఉచితం. డీఫెన్‌బేకర్ సరస్సు మీద రివర్‌హర్స్ట్ దగ్గర కారుతో సహా ఎక్కించుకుంటారు. నర్సాపురం పంటు ఎక్కినట్టే ఉంటుందండి, కాకపోతే వేరుశనక్కాయలమ్మే వాళ్లుండరు. మీ దారికి పక్కగా ఉంది, ఓపికుంటేనే. డ్రమ్‌హెల్లర్ దగ్గర బ్లెరియో ఫెర్రీ కూడా ఉచితమే, అది మీ దారికి దగ్గర్లోనే ఉంటుంది.

ఇక లెక్క. చుట్టు తిరుగుళ్లతో కలిపి 3,400 కిలోమీటర్లు అనుకుందాం. వందకు 8 లీటర్లు వేసినా 272 లీటర్లు. ఏప్రిల్‌లో కార్బన్ పన్ను తీసేశాక ధర తగ్గింది గానీ, మీరు లీటరు డాలరున్నర వేసుకోండి. 410 దాకా. టెంటు రాత్రులకు 200, మోటెళ్లకు 350, తిండికి 300, టికెట్లకూ చిల్లరకూ 150. మొత్తం 1,410. విన్నిపెగ్‌లో తోడల్లుడి గారింట్లో పడక ఉంది కాబట్టే ఇది కుదురుతోంది. పెట్రోలు ఆల్బర్టా దాటకముందే నింపుకోండి. సామాన్లు కూడా అక్కడే కొనండి. ఆల్బర్టాలో 5 శాతం జీఎస్టీ ఒక్కటే, సస్కాచెవాన్‌లో దానిమీద ఇంకో 6, మానిటోబాలో 7.

చింతచిగురు (కాల్గరీ) | 20 జూన్

తోడల్లుడి ఇంటి పడక "ఉచితం" కాదండీ. ఖాళీ చేతుల్తో వెళ్తామా? స్వీట్లు, పిల్లలకు బట్టలు, అన్నీ నా పర్సులోంచే. ఆ 150లో అది లేదు.

నక్షత్రాలు బాగా కనపడతాయని ఎక్కడో చదివాను. నిజమేనా?

సఖినేటిపల్లి రేవు (సస్కాటూన్) | 20 జూన్

నిజమేనండి. గ్రాస్‌ల్యాండ్స్, సైప్రస్ హిల్స్ రెండూ డార్క్ స్కై ప్రిజర్వులు, కృత్రిమ వెలుతురు లేకుండా కాపాడుతున్న చోట్లు. తారీఖు మాత్రం చూసుకోవాలి. జూన్ నెలాఖర్లో ఈ అక్షాంశంలో ఆకాశం పూర్తిగా చీకటి పడదు, ఉత్తరాన వెలుగు అంచు కనిపిస్తూనే ఉంటుంది. జూలై మూడో వారానికి చీకటి తిరిగొస్తుంది, అదీ అర్ధరాత్రికి అటూ ఇటూ. జూలై 24 అమావాస్య. గ్రాస్‌ల్యాండ్స్ రాత్రి దానికి దగ్గర్లో పడేలా చూసుకోండి. సస్కాచెవాన్‌లో గడియారాలు మార్చరు. ఎండాకాలం ఆల్బర్టా టైమే నడుస్తుంది, మానిటోబాలో అడుగుపెట్టగానే ఒక గంట పోతుంది. ఆ రోజు విన్నిపెగ్‌లో భోజనానికి వస్తామని చెప్పేముందు ఈ గంట కలుపుకోండి.

ముంగిలి (రెజైనా) | 20 జూన్

తిండి ముచ్చట. చెల్లే, చిన్న కరెంటు కుక్కరు పెట్టుకో. మోటెల్ల, కరెంటు ఉన్న క్యాంపు సైట్ల పనికొస్తది. అన్నం వండుకొని పచ్చడి, కారప్పొడి, పెరుగు. అంతకంటె ఏం గావాలె? తాలింపు మాత్రం మోటెల్ల పెట్టకు. స్మోక్ అలారం మొత్తుకుంటది, జరిమానా వేస్తరు. గ్యాస్ పొయ్యి బయట గాలిల వెలిగియ్యాలె, టెంటుల లోపట ఎన్నడు వద్దు.

పెద్ద దుకాణాలు మెడిసిన్ హ్యాట్, స్విఫ్ట్ కరెంట్, మూస్ జా, బ్రాండన్ల ఉంటయి. వాల్ మేరీ దిక్కు పోయేటప్పుడు మాత్రం అన్ని ముందుగాల్నే కొనుక్కోవాలె. బయట తినాల్నంటే పెరోగీలు. ఉక్రెయిన్ నుంచి వచ్చినోళ్లు ఈ నేలకు తెచ్చిన్రు. ఆలుగడ్డ, చీజ్ నింపి ఉడకవెడ్తరు. అడగకుంటె పైన బేకన్ (పందిమాంసం) ముక్కలు చల్లుతరు, ముందే వద్దని చెప్పు. సస్కాటూన్ బెర్రీ పండ్లు పెట్టి కాల్చే 'పై' దొరికితే విడువకు.

పసుపుకొమ్ము (దుగ్గిరాల) | 21 జూన్

పిల్లల్లారా, మా అమ్మాయి రెజైనాలో ఉంటుంది. పోయినేడు మేలో వెళ్లి కొన్నాళ్లున్నాను. మీరంతా లోయలు, ఎముకలు అంటున్నారు. నేను పొలం చూశాను.

అక్కడ భూమి కొలత ఎలాగంటే, ప్రెయిరీల నిండా గళ్లు గీశారు. ఒక గడి మైలు పొడుగు, మైలు వెడల్పు, 640 ఎకరాలు. దాన్ని సెక్షన్ అంటారు. అందులో పావు, 160 ఎకరాలు. 1872 చట్టంతో పది డాలర్ల రుసుము కట్టించుకుని ఆ పావు ఇచ్చారట, దున్ని, ఇల్లు కట్టి, అక్కడే కాపురం ఉండాలని షరతు. ఆ నేలమీద బతికేవాళ్ల సంగతి ఏమైందని మా అమ్మాయినడిగితే, వానుస్కెవిన్ తీసుకెళ్లి చూపించింది. ఇప్పటికీ ఊరి రోడ్లు ఆ గళ్ల గీతల మీదే. మట్టిరోడ్డెక్కితే మైలుకో, రెండు మైళ్లకో అడ్డరోడ్డు. తప్పిపోయినా నాలుగు మలుపులు తిరిగితే బయల్దేరిన చోటికే వస్తారు.

మాకు సార్వా, దాళ్వా అని రెండు కార్లు పండుతుంది. వాళ్లకు ఏడాదికి ఒక్కటే. మే నెలలో విత్తనం, మంచు పడేలోపు కోత. విత్తే యంత్రం ఎంత వెడల్పంటే మా ఊళ్లో చాలామంది పొలం దాని ఒక్క చాలుకు సరిపోదు.

ఇంకో సంగతి. మనం వండుకునే ఎర్ర మసూర్ పప్పు సంచీ తిప్పి చూడండి, చాలావాటి మీద కెనడా అని ఉంటుంది. ఎక్కువ భాగం సస్కాచెవాన్‌దే. యాభై ఏళ్ల కిందట అక్కడ ఆ పైరే పెద్దగా లేదట. సస్కాటూన్ యూనివర్సిటీలో ఆల్ స్లింకార్డ్ అనే ఆయన 1978లో లెయిర్డ్ అనే రకం విడుదల చేశాక ఊపందుకుంది. పొటాషూ అంతే. మన దేశంలో ఆ గని లేదు, మన పొలానికి వేసే ఎర్ర పొటాష్ అంతా బయటిదే, అందులో వాళ్లది పెద్ద వాటా. మూస్ జా నుంచి రెజైనా వెళ్లేటప్పుడు బెల్ ప్లెయిన్ దగ్గర ఫ్యాక్టరీ కనబడుతుంది. బావులు వేసి, నీళ్లు లోపలికి పంపి, కరిగించి పైకి తోడతారు. అమ్మాయ్, పసుప్పచ్చ ఆవ జాతి పూలు ఎలాగూ ఫొటో తీస్తావు. పక్క పొలంలో మోకాలెత్తు సన్నాకు పైరుంటే అది మసూర్ కావచ్చు, దాన్నీ ఓ ఫొటో తీసి ఇక్కడ పెట్టు.

చింతచిగురు (కాల్గరీ) | 21 జూన్

తప్పకుండా బాబాయ్ గారూ.

సెయింట్ బోనిఫేస్ పక్కన (విన్నిపెగ్) | 22 జూన్

ఉచితంగా చూసేవాటిలో ఒక జత చెప్తాను. రెజైనాలో వాస్కానా సరస్సు ఒడ్డున శాసనసభ భవనం ఉంది, లోపల తిప్పి చూపిస్తారు, టికెట్టు లేదు. మెతీ (ఆదివాసీ, యూరపు సంతతులు కలిసిన) జనం నాయకుడు లూయీ రియెల్‌ను అదే రెజైనాలో 1885 నవంబర్ 16న ఉరితీశారు. ఆయన సమాధి ఇక్కడ విన్నిపెగ్‌లో, సెయింట్ బోనిఫేస్ చర్చి ఆవరణలో. ఉరితీసిన ప్రభుత్వం ఆయన్ని ద్రోహి అంది, ఇవాళ మానిటోబాలో ఆయన పేరున ఫిబ్రవరిలో సెలవు. ఈ రెండు ఊళ్లనూ ఒకే ప్రయాణంలో చూసేవాళ్లు దీన్ని కలుపుకుని చూస్తే ఆ 575 కిలోమీటర్లకు ఒక అర్థం వస్తుంది.

బ్రాండన్, విన్నిపెగ్‌ల మధ్య కాళ్లు చాచుకోవాలంటే స్ప్రూస్ వుడ్స్ పార్కులో స్పిరిట్ శాండ్స్ ఇసుకదిబ్బలున్నాయి. కాక్టస్ కూడా ఉంటుంది. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు వద్దు. విన్నిపెగ్‌లో దోమలు, గడ్డిలో రక్తం పీల్చే టిక్కులు ఉంటాయి, పడుకునేముందు కాళ్లు, మెడ చూసుకోండి.

పాతకరోలా (కాల్గరీ) | 22 జూన్

అందరికీ చాలా థాంక్స్. గ్రాస్‌ల్యాండ్స్ బుక్ చేశాం. అడవి మంటల పొగ సంగతేమిటి? వార్తలు చూస్తే భయంగా ఉంది.

సఖినేటిపల్లి రేవు (సస్కాటూన్) | 22 జూన్

మే నెలాఖర్లో మానిటోబా, సస్కాచెవాన్ రెండూ అత్యవసర పరిస్థితి ప్రకటించాయండి. ఫ్లిన్ ఫ్లాన్ ఊరంతా ఖాళీ చేయించారు. మంటలు ఉత్తరపు అడవుల్లో, మీ దారి చాలా దక్షిణాన. పొగ మాత్రం గాలి ఎటు వీస్తే అటు. రోజూ పొద్దున్న గాలి నాణ్యత సూచీ చూడండి, ఎన్95 మాస్కులు రెండు పెట్టుకోండి. కట్టెల మంట నిషేధం ఎక్కడెక్కడ ఉందో క్యాంపులో దిగగానే అడగండి. వాల్వు తిప్పి ఆపగలిగే గ్యాస్ పొయ్యిని చాలాచోట్ల ఒప్పుకుంటారు, అయినా అడిగి వెలిగించండి.

చింతచిగురు (కాల్గరీ) | 6 ఆగస్టు

వచ్చేశాం. ఈయన రాస్తానని రోజులు దాటిస్తున్నాడు, నేనే రాసేస్తున్నా.

ముందు లెక్క. పెట్రోలు 392, క్యాంపులు 168, మోటెళ్లు 371, తిండి 346, టికెట్లు, పర్మిట్లు, చిల్లర 121. మొత్తం 1,398. సస్కాటూన్ దాటాక ముందుపోయే లారీ నుంచి రాయి ఎగిరి అద్దానికి చిన్న చిల్లు పడింది, అది పూడ్పించడానికి 80. విన్నిపెగ్ స్వీట్లు, బట్టలు ఈ లెక్కలో లేవు, అవి వేరే పద్దు.

గ్రాస్‌ల్యాండ్స్ గురించి ముంగిలి అక్క చెప్పినదానికి నేను కలిపేది గాలి ఒక్కటే. టెంటు మేకులు మామూలువి పనికిరావు, పొడుగువి తీసుకెళ్లండి. రాత్రంతా టెంటు గుడ్డ కొట్టుకుంటూనే ఉంది, నిద్ర లేదు. నిద్ర లేకపోబట్టి ఒంటిగంటకు బయటికొచ్చాం. పాలపుంత ఇంత దట్టంగా ఉంటుందని నాకు తెలీదు, మా అమ్మమ్మ డాబా మీద చూపించిందంతా దీని ముందు పలచనే. పొద్దున్న ప్రెయిరీ డాగ్‌ల దగ్గర ఈయన్ని కదిలించడానికి గంట పట్టింది. ఉడతల జాతి మనిషి.

మూస్ జా బయట మాక్ అనే మూస్ బొమ్మ ఉంది. నార్వేలో ఎవరో దీనికంటే 30 సెంటీమీటర్లు ఎత్తు ఎక్కువున్న బొమ్మ కట్టి, ప్రపంచంలోనే ఎత్తైన మూస్ బొమ్మ అన్న దీని రికార్డు లాగేసుకున్నారట. ఈ ఊరివాళ్లు ఊరుకోకుండా 2019లో దీనికి కొత్త కొమ్ములు పెట్టించి మళ్లీ ఎత్తు చేశారు. సంక్రాంతి ప్రభల పోటీ ఊళ్లవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. చూడటం ఉచితం.

నాకు పెద్దగా నచ్చనిది మానిటూ చెరువు. తేలాం, నిజమే. ఒళ్లంతా ఉప్పు కట్టి, చన్నీళ్ల షవరు దాకా జిగట. ఈయనకు మాత్రం తెగ నచ్చింది. యార్క్‌టన్ వైపు ఒక పూట పొగ వచ్చింది, అద్దాలు ఎత్తుకుని వెళ్లిపోయాం. కారు ముందు భాగం మిడతలతో నిండిపోయింది. ఎండిపోతే గీకినా రావు, ఏ రోజుకారోజు తడిగుడ్డ వేసి నానబెట్టి తుడవాలి.

బాబాయ్ గారూ, రోజ్‌టౌన్ దాటాక రోడ్డు పక్క ఒక రైతు ఆగి ఉంటే అడిగాం. అవును, ఎర్ర మసూరే. ఇండియాకే వెళ్తుందిట. ఫొటో పెడుతున్నా. చేను గట్టు మీదే నిలబడ్డాం, లోపల అడుగు పెట్టలేదు. బూట్లకంటుకుని తెగుళ్లు పొలం మారతాయని ఆయనే చెప్పాడు.

పసుపుకొమ్ము (దుగ్గిరాల) | 6 ఆగస్టు

ఫొటో చూశానమ్మా. కాపు బాగుంది. కలుపు కూడా కనబడుతోంది, కుడివైపు మూల చూడు. అక్కడా ఆ బాధ తప్పదన్నమాట.

రాత్రిబండి (బ్రాంప్టన్) | 7 ఆగస్టు

సరే, గ్రాస్‌ల్యాండ్స్ ఒక్కటీ ఒప్పుకుంటున్నా. రెజైనా నుంచి విన్నిపెగ్ ఎలా ఉందో నిజం చెప్పండి.

పాతకరోలా (కాల్గరీ) | 7 ఆగస్టు

నిజం చెప్పాలంటే ఆ రోజు బోరే. మధ్యాహ్నం స్పిరిట్ శాండ్స్ లేకపోతే ఇద్దరం పోట్లాడుకునేవాళ్లం.

కొత్తకాపురం (ఎడ్మంటన్) | 9 ఆగస్టు

ఇదే దారి మేం సెప్టెంబర్ రెండో వారంలో వెళ్లొచ్చా? అప్పటికి ఉచితం అయిపోతుందని తెలుసు. చలి ఎలా ఉంటుంది?

ముంగిలి (రెజైనా) | 9 ఆగస్టు

పోవచ్చు, నాకు అదే ఎక్కువ ఇష్టం. దోమలుండయి, రాత్రి తొందరగ చీకటవడ్తది, అరోరా, అంటే ఉత్తరాన ఆకాశంల మెరిసే రంగు వెలుగులు, కనవడే వీలు గూడ ఎక్కువ. పగలు స్వెటర్ అవసరముండదు, రాత్రి సున్నా దాక దిగొచ్చు, మంచి స్లీపింగ్ బ్యాగ్ లేకుంటె మోటెల్ పైసలు వేరే పెట్టుకోండి. లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) అయినంక చిన్న చిన్న క్యాంపులు కొన్ని మూస్తరు, కొన్నిట్ల నల్లా బంద్ చేస్తరు, ఫోన్ చేసి అడుగున్రి.

పద్దెనిమిది చక్రాలు (విన్నిపెగ్) | 9 ఆగస్టు

కోతల టైమది. కంబైన్లు రోడ్డెక్కుతాయి, రోడ్డు వెడల్పంతా అవే ఉంటాయి, 30 స్పీడులో పోతాంటాయి. గట్టు ఎక్కేదగ్గర అవతలివైపు ఏముందో కనపడదు, అక్కడ మాత్రం ఓవర్‌టేక్ చెయ్యొద్దు. ఎడ్మంటన్ నుంచి అయితే మీరు ముందు హైవే 16 పట్టుకుని తూర్పుకు పోండి, తిరిగొచ్చేటప్పుడు గ్రాస్‌ల్యాండ్స్ చూసుకోండి.